ఇంటి బోరు, తోట బోరు

"ఈ కుళాయి ఏదో ఒక రోజు గాలి కక్కుతుంది, చూస్తూ ఉండండి."

మే నెలలో ఒక పొద్దున కాఫీకి నీళ్ళు పడుతూ నేను పైకే అన్న మాట. అప్పటికింకా ఏమీ జరగలేదు. కుళాయి నిండుగానే వస్తోంది. మా ఆయన సత్యం బ్రెడ్డు ముక్క మీద కారప్పొడి చల్లుకుంటూ తలెత్తలేదు. మా అమ్మాయి నిధి మాత్రం డ్యూటీకి వెళ్ళే హడావుడిలో షూ వేసుకుంటూ, "అమ్మా, ట్యాప్ ఏం కక్కదు. నువ్వే డైలీ వర్రీ కక్కుతున్నావ్," అని కారు తాళాలు తీసుకుని పోయింది. ఇక్కడే పుట్టి పెరిగిన పిల్ల. నీళ్ళు రాకపోవడమంటే దానికి ప్లంబర్‌కి ఫోన్ చేసే పని, అంతే.

నాకు కుళాయి తిప్పగానే ముందు చెవి పెట్టడం అలవాటు. నీళ్ళ చప్పుడులో ఏమైనా తేడా ఉందా, బుడబుడమంటోందా అని. గరాజ్‌లో మూతలున్న బకెట్లు వరసగా నింపి పెట్టుకుంటాను. నిధి స్నేహితులొస్తే అవేంటని అడుగుతారట. మా మామ్ సునామీ రివర్స్‌లో వస్తుందని వెయిట్ చేస్తోందని చెబుతుందట. నవ్వుకోనీ. ప్రకాశం జిల్లాలో మా నాన్న బోరు మీద బోరు వేసిన ఏళ్ళు చూసినదాన్ని. పక్క పొలం వాళ్ళు లోతుకి వెళితే మనం ఇంకా లోతుకి, వాళ్ళు మళ్ళీ ఇంకా లోతుకి. ఆ ఆట ఎక్కడ ఆగుతుందో నాకు ఎవరూ చెప్పక్కర్లేదు.

మేముండేది కాలిఫోర్నియా మధ్యలో, బాదం తోటల నడుమ పోయే ఒక రోడ్డు మీద. కొన్నే ఇళ్ళు. ఊరి నీళ్ళ పైపు ఇంత దూరం రాదు కాబట్టి ఎవరి బోరు వాళ్ళదే. మాకు రెండున్నాయి. ఇంటి బోరు చిన్నది, పైపైనే ఉంటుంది, మాకు ముందు ఈ స్థలంలో ఉన్నవాళ్ళు ఎప్పుడో వేయించింది. తోట బోరు పెద్దది, లోతైనది, బాదం చెట్లకి. భూమిలో నీళ్ళు దిగిపోతున్నాయని ప్రభుత్వం చట్టం చేశాక మా ప్రాంతానికి ఒక ఏజెన్సీ వచ్చింది. తోట బోర్లన్నిటికీ మీటర్లు బిగించారు. ఎకరానికి ఏడాదికి ఇంత అని కోటా పెట్టారు. ఇంటి బోర్లకి మీటరూ లేదు, కోటా లేదు. తాగడానికీ స్నానానికీ ఎంత తోడుతారులే అని వదిలేశారు.

ఆ ఏజెన్సీ బోర్డులో చిన్న రైతుల తరఫున ఒక కుర్చీ ఖాళీగా ఉంటే మా ఆయన్ని కూర్చోబెట్టింది గోపాల్. గోపాల్, రేణు ఫ్రీమాంట్‌లో ఉంటారు. అతనిది సాఫ్ట్‌వేర్ ఉద్యోగం. నలుగురు స్నేహితులతో కలిసి మా రోడ్డు అవతల పెద్ద బాదం తోట కొన్నాడు. మేనేజర్ని పెట్టి చేయిస్తున్నాడు. శనాదివారాలు కారేసుకుని దిగుతారు. మా ఆయనకి పోటీ లేకుండా ఆ కుర్చీ వచ్చిన రోజు గోపాల్ లడ్డూలు పట్టుకొచ్చి, ఇక మన నీళ్ళు మన చేతిలో ఉన్నట్టే వదినా, అన్నాడు. నేను ఆ లడ్డూ కొరికి పక్కన పెట్టేశాను. కుర్చీలో కూర్చున్నాక ఎవరికో ఒకరికి కాదనాలి. కాదన్నాక వాళ్ళు మన ముఖం చూడరు. ఈ దేశంలో మన ముఖం చూసేవాళ్ళే కొద్దిమంది. అందులో రేణు ఒకతి, రోజూ ఫోన్‌లో నా గొడవలన్నీ వినేది.

ఆ వేసవిలో బోర్డు ముందుకి ఒక రూల్ వచ్చింది. ఎవరి ఇంటి బోరుకైనా అర మైలు లోపల కొత్తగా లోతు బోరు వెయ్యకూడదు. రూల్ వస్తే గోపాల్ వాళ్ళకి కొత్త బోరు లేదు, వాళ్ళ పాత బోరు అప్పటికే సగం పోస్తోంది. రూల్ రాకపోతే మా రోడ్డు మీద ఇళ్ళ బోర్లు ఎన్నాళ్ళుంటాయో తెలీదు. బోర్డులో ముగ్గురు అటు, ముగ్గురు ఇటు. మిగిలింది మా ఆయన.

ఎటు వేస్తారని అడిగాను. చూద్దాం అన్నారు. మళ్ళీ అడిగాను. తోటలోకి వెళ్ళిపోయారు.

*

జూలైలో, బాదం కాయల పైతొక్క పగలడం మొదలైన వారం, పక్కింటి లూపె ఖాళీ బకెట్ పట్టుకుని మా వాకిట్లోకొచ్చింది. లూపె మెక్సికన్ ఆవిడ, డెబ్బై దాటింది, మొగుడు పోయాక కోళ్ళతో ఒక్కతే ఉంటుంది. జయంతి అన్న నా పేరు ఆవిడ నోట హయంతి అవుతుంది. మా ఇద్దరి ఇంగ్లీషూ కలిపినా ఒకరికి సరిపోదు, అయినా మాకు కావలసిన మాటలకి ఎప్పుడూ లోటు రాలేదు.

"హయంతీ," అంది. "నో వాటర్. ఓన్లీ నాయిస్."

వాళ్ళింటికెళ్ళి కుళాయి తిప్పాను. దగ్గింది. మళ్ళీ దగ్గింది. తుప్పు రంగు నీళ్ళు నాలుగు చుక్కలు ఊసి, ఇక గాలే. ఎన్నాళ్ళుగానో నేను చెవిలో మోసుకు తిరుగుతున్న చప్పుడు. అది మా ఇంట్లో వినాల్సి వస్తుందనుకున్నాను, కంచె అవతల వినిపించింది. పాపం అనుకోవడం తర్వాత. ముందు నాకొచ్చిన ఆలోచన మా ఇంటి బోరూ ఆమె ఇంటి బోరూ ఒకే మనిషి వేశాడని, ఒకే లోతని.

ఏజెన్సీ వాళ్ళు ఆమె పెరట్లో పెద్ద ప్లాస్టిక్ ట్యాంకు దించారు. తాగే నీళ్ళ సీసాలు తెచ్చిచ్చారు. ట్యాంకు నింపే లారీ మాత్రం ఎదురుచూసేవాళ్ళు చాలామంది ఉన్నారు, మీ వంతు వచ్చినప్పుడు వస్తుంది అన్నారు. ఆ ఎండలో కోళ్ళకి వంతుల సంగతి ఏం తెలుస్తుంది. నేను పైపు మీద పైపు తగిలించి కంచె మీదుగా లాగి ఆమె ట్యాంకులో పడేశాను.

ఏ బోరు నుంచి అన్నదే అసలు సంగతి. ఇంటి బోరు నుంచి ఇస్తే ఎవరూ ఏమీ అనరు, దానికి మీటర్ లేదు. కానీ రెండిళ్ళకి తోడితే అది ఆగస్టు దాకా ఉంటుందా? నా చేతులతో నేనే దాన్ని ఎండబెట్టుకున్నట్టు కాదా? అందుకని తోట బోరు ఫిల్టర్ దగ్గరున్న కుళాయికి తగిలించాను. అంత పెద్ద బోరుకి ఈ చిన్న పైపు లెక్కలోకి కూడా రాదనుకున్నాను. కానీ తోట బోరు నీళ్ళు ఆ తోట హద్దు దాటకూడదని రూల్ ఉంది. మా ఆయనకి తెలుసు. ఆయన చెప్పగా నాకూ తెలుసు.

సాయంత్రం ఆయన తోటలోంచి వస్తూ పైపు చూశారు. కుళాయి దగ్గర్నుంచి కంచె దాకా, కంచె దగ్గర్నుంచి లూపె ట్యాంకు దాకా చూపుతోనే కొలిచారు. బూట్లు విప్పుతూ, "అది ఇంటి బోరుకి మార్చు జయంతీ," అన్నారు.

"ఇంటి బోరు కూడా పోతే?"

ఆయన బూట్లలో మట్టి దులుపుకున్నారు. నేను పైపు మార్చలేదు. ఆయనా మార్చలేదు. రోజూ పొద్దున్నే వెళ్ళి దాని పక్కన కాసేపు నిలబడేవారు, ముట్టుకునేవారు కాదు. చెయ్యి అంత దాకా పోయి వెనక్కి రావడం వంటింటి కిటికీలోంచి నాకు కనబడేది.

*

జూలై చివర ఒక శనివారం గోపాల్, రేణు వచ్చారు. మగవాళ్ళు తోటలోకి పోతే మేమిద్దరం పెరట్లో పడ్డాం. ఫ్రీమాంట్‌లో రేణుకి బాల్కనీ తప్ప జాగా లేదు, అందులో ఒక కరివేపాకు కుండీ. మా పెరట్లో బెండ, దొండ, పొట్ల పందిరి చూస్తే ఆ పిల్లకి పూనకం వస్తుంది. రేణు నాకంటే పదేళ్ళు చిన్నది, నిడదవోలు పిల్ల, నోరు ఊరుకోదు.

"అక్కా, ఈ పొట్లకాయ చూడు, మా గోపాల్ పార్కింగ్‌లాగా ఎంత వంకరగా వస్తోందో," అని, నా పాత చున్నీ అంచు చింపి, ఒక నున్నటి రాయి వెతికి, కాయ కొసకి కట్టింది. రాయి బరువుకి కాయ నిటారుగా దిగుతుందని నాకూ తెలుసు, బద్ధకించానంతే. కట్టాక రెండడుగులు వెనక్కి వేసి చూసుకుంది. "ఇది నాది. ఎవరడిగినా ఇవ్వకు. నేనే వచ్చి కోసుకుంటా."

అప్పుడు చూసింది పైపుని. ఏంటక్కా ఇది, అంటే చెప్పాను. లూపె ట్యాంకు మూత ఎత్తి పట్టుకుని నిలబడితే నేను పైపు సర్దుతున్నాను. రేణు ఫోన్ తీసి ఫోటో కొట్టింది. నేను నైటీలో ఉన్నాను, వద్దే అంటున్నా వినలేదు.

భోజనాల దగ్గర గోపాల్ ఎప్పటిలాగే సరదాగా మొదలెట్టాడు. వదిన పప్పుచారు కోసం రెండు గంటలు డ్రైవ్ చేస్తాను, బోర్డు మీటింగ్ కోసం అయితే ఐదు నిమిషాలు కూడా చెయ్యను, అన్నాడు. తర్వాత గొంతు మారింది. తన చెట్ల కొనలు ఎండుతున్నాయని, పదిహేనేళ్ళ ఉద్యోగం తాలూకు ప్రతి పైసా ఆ చెట్లలోనే ఉందని, మిగతా భాగస్వాములు రోజూ ఫోన్ చేసి తనని తింటున్నారని చెప్పాడు. అతని కళ్ళ కింద నలుపు చూస్తే నాకు జాలేసింది. అబద్ధం చెప్పే మనిషి కాదు.

"లూపె బోరు ఎలాగూ పోయింది కదన్నా," అన్నాడు మా ఆయనతో. "ఇప్పుడు మేం వేసినా వెయ్యకపోయినా ఆవిడకి తేడా ఏంటి? ఇంకో మాట. ఆ రూల్ వస్తే మీకూ అంతే. మీ తోట వెనక చెక్కలో చెట్లకి నీళ్ళు చాలట్లేదు. రేపు మీకూ లోతు బోరు కావాలి. మీ చెయ్యి మీరే నరుక్కుంటారా?"

"తెలుసు," అన్నారు మా ఆయన. మజ్జిగ పోసుకున్నారు.

రూల్ వస్తే మా వెనక చెట్లు పోతాయి. రాకపోతే ఇంటి కుళాయి పోతుంది. ఏది జరిగినా ఈ బల్ల దగ్గర ఇలా నలుగురం కూర్చోవడం పోతుంది. అన్ని దారులూ నాకు ఒకే చోటికి పోతున్నట్టు కనిపించాయి.

మర్నాడు నిధి నవ్వుకుంటూ వచ్చి ఫోన్ నా ముఖం ముందు పెట్టింది. ఇక్కడి తెలుగు కుటుంబాల వాట్సాప్ గ్రూప్‌లో నేను, నా నైటీ, పైపు, లూపె. కింద రేణు రాసింది: "పక్కింటి అవ్వ బోరు ఎండిపోతే మా జయంతక్క తోట బోరు నీళ్ళు పంపిస్తోంది. మనుషులంటే ఇలా ఉండాలి." దాని కింద దణ్ణాలు, హృదయాలు. "అమ్మా, యూ ఆర్ ఫేమస్," అంది నిధి.

రేణుకి ఫోన్ చేసి తీసెయ్యమన్నాను. మంచిపని చేసి కూడా భయపడేది నువ్వొక్కదానివే అక్కా అని నవ్వింది గానీ, తీసేసింది. నేను ఊపిరి పీల్చుకున్నాను. నిధి మాత్రం, తీసేస్తే పోదమ్మా, అప్పటికే స్క్రీన్‌షాట్ తీసుకున్నవాళ్ళ దగ్గర ఉంటుంది, అంది. ఆ మాట అనకుండా ఉండాల్సింది.

*

బోర్డు మీటింగ్ ఆగస్టులో, కోతలు మొదలైన వారంలో వచ్చింది. చెట్లని ఊపే మిషన్ల దుమ్ముతో ఆకాశం గోధుమపిండి చల్లినట్టుంది. మామూలుగా నేను మీటింగ్‌లకి వెళ్ళను. ఆ రోజు ఇంట్లో ఉంటే గుండె ఆగేలా ఉందని నిధిని తీసుకుని వెళ్ళాను. సంత మైదానంలో హాలు. మడత కుర్చీలు. ముందు బల్ల వెనక బోర్డు వాళ్ళు, వాళ్ళలో మా ఆయన, ఇస్త్రీ చొక్కాలో. గోపాల్ మూడో వరసలో తన భాగస్వాములతో ఉన్నాడు. నన్ను చూసి తల వంచాడు. రేణు రాలేదు.

జనం మాట్లాడే వంతు వచ్చినప్పుడు గోపాల్ వాళ్ళ తోట మేనేజర్ మైకు దగ్గరికొచ్చాడు. తెల్లాయన, మర్యాదస్తుడే. ఈ రూల్ మీద ఓటు వెయ్యబోయే ఒక డైరెక్టర్ తన తోట బోరు నీళ్ళని హద్దు దాటించి వాడుతున్నారు, ఆధారం ఉంది, ఆయన ఈ ఓటులో ఉండటం న్యాయమేనా అని అడిగి, ఒక బటన్ నొక్కాడు. గోడంత తెర మీద నేను, కింద రేణు రాసిన మాటలతో సహా. నా నైటీ మీద పూలు కూడా కనబడుతున్నాయి. నిధి నా చెయ్యి పట్టుకుంది.

చైర్మన్ పాడి పశువుల రైతు, బాగా పెద్దాయన, చెవిలో మిషన్ ఉంటుంది. తెర వైపు చాలాసేపు చూశాడు. ఫోటో కింద ఆ రాతేమిటని అడిగాడు. మేనేజర్, అది వాళ్ళ భాష, తనకి పంపినవాళ్ళు చెప్పిందే తనకి తెలుసు, అన్నాడు. చైర్మన్ మా ఆయన వైపు తిరిగాడు.

మా ఆయన మైకు దగ్గరికి లాక్కుని, నేను చదివితే నాకు అనుకూలంగా చదివాననుకుంటారు, అన్నారు. తర్వాత మూడో వరసలోకి చూశారు.

"ఆయన చదవగలరు. ఆయన్ని చదవమనండి."

గోపాల్ లేచాడు. చొక్కా కిందికి లాక్కున్నాడు. పక్కన కూర్చున్న భాగస్వామి ఏదో గొణిగాడు, గోపాల్ వినిపించుకోలేదు. రెండు ముక్కలు చదివి కూర్చోవచ్చు. తోట బోరు నీళ్ళు అని ఉంది, అంతవరకు చదివితే వాళ్ళ పని అయిపోతుంది. ఆ హాల్లో ఇంకెవరికీ తెలుగు రాదు, మాకు తప్ప.

మొత్తం చదివాడు. ఒక్కో మాట ఇంగ్లీషులోకి మార్చుకుంటూ, నెమ్మదిగా. అక్క అన్న దగ్గర ఆగి, మై సిస్టర్ అన్నాడు, మళ్ళీ, నాట్ బై బ్లడ్, అన్నాడు. మనుషులంటే ఇలా ఉండాలి అన్న చివరి మాట కూడా చదివాడు. ఎవరు రాశారని చైర్మన్ అడిగితే, నా భార్య అని కూర్చున్నాడు.

మా ఆయన, అది నిజమేనని, ఆ నీళ్ళు తమ బోరు నుంచి వెళ్ళినవేనని, హద్దు దాటడం తప్పేనని, ఆ నీళ్ళన్నిటినీ తమ కోటాలోంచి తగ్గించుకోమని చెప్పారు. మా ఆవిడ చేసిందని గానీ, నేను మార్చమన్నానని గానీ ఒక్క ముక్క లేదు. బోర్డు లాయరమ్మ వంగి, ఈ ఒక్క ఓటుకీ పక్కకి తప్పుకుంటే ఎవరూ మిమ్మల్ని వేలెత్తి చూపరు, తప్పుకోవాలన్న నిబంధన మాత్రం లేదు, మీ ఇష్టం, అంది.

తప్పుకోండి, తప్పుకోండి అని నేను లోపల్లోపల జపం చేస్తున్నాను. బోర్లు ఏమైనా కానీ, చెట్లు ఏమైనా కానీ, ఈ మనిషి ఆ బల్ల వెనక నుంచి లేచి వచ్చి నా పక్కన కూర్చుంటే చాలు.

ఆయన లేవలేదు. గుమస్తా అమ్మాయి ఒక్కొక్క పేరూ పిలిచింది. మా ఆయన పేరు దగ్గరికొచ్చింది. యెస్ అన్నారు, బళ్ళో హాజరు పలికినట్టు. రూల్ నెగ్గిందని చైర్మన్ చెప్పి, తర్వాతి విషయానికి వెళ్ళిపోయాడు. మీటర్లకి సీళ్ళు వెయ్యడం గురించి ఏదో.

గోపాల్ వాళ్ళు లేచి వెళ్ళారు. తలుపు దగ్గర గోపాల్ ఒకసారి ఆగినట్టనిపించింది. వెనక్కి చూడలేదు.

కారులో నేనే, గోపాల్ మొహం ఇక ఎలా చూస్తాం అన్నాను. ఆయన రోడ్డు మీదే చూపు పెట్టి, "సగమే చదవొచ్చు. మొత్తం చదివాడు. చూశావా," అన్నారు.

*

ఇంటికొచ్చి, కాళ్ళు కూడా కడుక్కోకుండా రేణుకి వాయిస్ మెసేజ్ పెట్టాను. ఆ ఫోటో వాళ్ళకెవరిచ్చారు రేణూ, నువ్వేనా, అని. భయంతో అడిగిన మాట, అరిచినట్టు వెళ్ళింది. నీలం టిక్కులు పడ్డాయి. జవాబు లేదు. మర్నాడు ఫోన్ చేశాను. ఎత్తలేదు. గ్రూప్‌లో వందమంది ఉన్నారమ్మా, ఎవరి దగ్గర్నుంచైనా వెళ్ళి ఉండొచ్చు, ఆంటీని ఎందుకడిగావ్, అంది నిధి. నిజమే. పంపిన మాటని వెనక్కి లాక్కునే బటన్ నాకు అప్పటికి తెలీదు. తెలిసేసరికి వాళ్ళింట్లో విని ఊరుకున్నారు.

ఆ మర్నాడే పైపు నేనే మార్చాను. తోట కుళాయి నుంచి విప్పి, ఇంటి బోరుకి తగిలించాను. విప్పుతుంటే మా ఆయన వచ్చి రెండో కొస పట్టుకున్నారు. రోజూ కాస్త కాస్త చొప్పున లూపె ట్యాంకు నింపుతున్నాం. కుళాయి తిప్పగానే మునుపటికంటే ఎక్కువసేపు చెవి పెడుతున్నాను. వస్తోంది. రేపటి సంగతి నన్నడగొద్దు.

కోతలు అయిపోయాయి. వెనక చెక్కలో చెట్లకి ఇక నీళ్ళు పెట్టలేమని మా ఆయన తేల్చేశారు. పెద్ద మిషన్ వచ్చి చెట్లని వేళ్ళతో సహా లేపి ముక్కలు చేసి మట్టిలో కలిపేసింది. అది జరుగుతున్నంతసేపూ ఆయన గట్టున నిలబడ్డారు. నేను కిటికీ తెర వేసుకుని బియ్యంలో రాళ్ళేరాను, ఇక్కడి బియ్యంలో రాళ్ళుండవని తెలిసి కూడా. రోడ్డు అవతల గోపాల్ వాళ్ళు కూడా సగం తోట ఎండకి వదిలేశారని మేనేజర్ చెప్పాడట. శనాదివారాలు ఆ రోడ్డు మీద వాళ్ళ తెల్ల కారు కోసం చూసేదాన్ని. వేరేవాళ్ళ తెల్ల కార్లు చాలా ఉన్నాయి ఈ దేశంలో.

పెరట్లో మిగిలినవన్నీ కోసి లూపెకీ, నిధి ఆఫీసుకీ పంచేశాను. రాయి కట్టిన పొట్లకాయని ముట్టుకోలేదు. అది తీగలా దిగి దిగి, రాయి నేలకి ఆనేదాకా వచ్చింది. ఇంత నిటారు కాయ నా పందిరి మీద ఎన్నడూ కాయలేదు. ఫోటోలు తీయడం నాకు చేతకాదు, నిధి దగ్గర నేర్చుకుని తీసి రేణుకి పంపాను. కింద నేనేమీ రాయలేదు. మరో వారం మరోటి పంపాను. కాయ తెల్లబడింది, పసుపు తిరిగింది, కొస దగ్గర ఎర్రబడింది. ప్రతిదానికీ నీలం టిక్కులు. లూపె ఒకసారి ఆ కాయ చూసి, హయంతీ ఈట్ దిస్, అని సైగ చేసింది. మై ఫ్రెండ్ దిస్ వన్, అన్నాను. ఎప్పుడొస్తుంది అన్నట్టు చెయ్యి తిప్పింది. నేను వంగి రాయికి అంటిన మట్టి దులిపాను.

పొట్ల పండు ఎక్కువ రోజులు ఆగదు. ముగ్గితే తనంతట తనే పగిలి గింజలు రాల్చుకుంటుంది, లేకపోతే పిట్టలు చీలుస్తాయి. అక్టోబర్‌లో చలిగాలి తిరిగిన ఒక మధ్యాహ్నం దాని మీద సన్నటి చీలిక కనబడింది. అక్కడే, పందిరి కింద నిలబడి, రేణుకి ఫోన్ చేశాను. రింగవుతోంది. ఎప్పటిలాగే ఇక అమెరికన్ గొంతు వచ్చి మెసేజ్ పెట్టమంటుంది అనుకున్నాను. రింగు ఆగింది.

ఎత్తింది. వెనకాల వాళ్ళింట్లో కుక్కర్ ఒక కూత వేసి ఊరుకుంది.

నేను అడగాల్సినవి చాలా ఉన్నాయి. గోపాల్ నిద్రపోతున్నాడా, తోట ఉంచుతారా అమ్మేస్తారా, నా మీద కోపమా, ఆ మెసేజ్ మీద కోపమా. ఫోటో సంగతి మాత్రం నోటి దాకా కూడా రానివ్వలేదు.

"రేణూ, నీ పొట్లకాయ పండింది," అన్నాను. "ఇవాళో రేపో పగిలిపోతుంది. కోసెయ్యనా, ఉంచనా?"

అటు నుంచి ఏమీ లేదు. కుళాయికి చెవి పెట్టినట్టు ఫోన్‌కి చెవి పెట్టాను. గాలో, నీళ్ళో తేలేలోపు ఉండే ఆ కాసేపు ఎంత పొడుగో నాకు బాగా తెలుసు. పెట్టేసిందేమోనని ఫోన్ తీసి చూసుకున్నాను. పెట్టెయ్యలేదు. కంచె అవతల లూపె కోళ్ళకి నీళ్ళు పోస్తున్న చప్పుడు వినిపిస్తోంది. కాయ చీలిక మీద ఒక ఈగ వాలితే తోలాను. కుక్కర్ రెండో కూత వేసింది. మూడోది వేసింది. స్టవ్ కట్టేసిన చప్పుడు.

"ఉంచక్కా," అంది రేణు. "రాయి విప్పకు. నేనొచ్చి విప్పుతా."